సరూప త్రిభుజాలు నేర్చుకుంటున్న పిల్లలకు

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

పదో తరగతిలో సరూప త్రిభుజాల పాఠం మొదలైందనీ, నిష్పత్తుల్లో ఏది పైన రాయాలో, ఏది కింద రాయాలో తెలియక తికమకపడుతున్నామనీ మీరు రాశారు. ఆ తికమక అడ్డగుణకారం నేర్చుకున్నంత మాత్రాన తీరదు. సరూపతలో, అంటే ఆకారం మారకుండా పరిమాణం మాత్రమే మారినప్పుడు, కొలతలన్నీ ఒకే సంఖ్యతో గుణించినట్టు పెరుగుతాయి తప్ప, ఒకే సంఖ్య కలిపినట్టు పెరగవు. ఈ సంగతి ముందు మనసుకు పట్టాలి.

నాలుగు అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల పొడవు ఉన్న ఫోటోను పెద్దది చేయించడానికి శ్రీకాకుళంలో ఒక స్టూడియోకు ఇచ్చారనుకోండి. రెండు కొలతలకూ నాలుగేసి అంగుళాలు కలిపితే 8, 10 వస్తాయి. రెండింటినీ రెట్టింపు చేస్తే 8, 12 వస్తాయి. 8, 12 కొలతల కాగితం మీద ఫోటో ఉన్నదున్నట్టు దిగుతుంది. 8, 10 కాగితం మీదనైతే అంచున నిలబడ్డ మనిషైనా తెగిపోవాలి, లేదా అందరి రూపాలూ నొక్కుకుపోవాలి. 4:6, 8:12 రెండూ 2:3కు సమానం. 8:10 మాత్రం 4:5.

త్రిభుజానికి ఒక ప్రత్యేకత ఉంది. చతురస్రంలోనూ దీర్ఘచతురస్రంలోనూ కోణాలన్నీ లంబకోణాలే, అయినా అవి సరూపాలు కావు. త్రిభుజాల్లో మాత్రం రెండేసి కోణాలు సమానమైతే చాలు, భుజాలు వాటంతట అవే అనుపాతంలోకి వస్తాయి. అందుకే ముందు సమాన కోణాలను గుర్తించి, శీర్షాల పేర్లు అదే వరుసలో రాయండి. సమాన కోణాలకు ఎదురుగా ఉన్నవే అనురూప భుజాలు. ఈ వరుస సరిగా పడితే పైన ఏది, కింద ఏది అన్న ప్రశ్న ఇక రాదు.

త్రిభుజంలో ఒక భుజానికి సమాంతరంగా గీసిన రేఖ మిగతా రెండు భుజాలనూ ఒకే నిష్పత్తిలో విభజిస్తుందని చెప్పేదే ప్రాథమిక అనుపాత సిద్ధాంతం. దాని ఉపపత్తిని దయచేసి బట్టీ పట్టకండి; ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ రాసిన ‘ఎలిమెంట్స్’ ఆరో పుస్తకంలో ఉన్న ఆ ఉపపత్తి చాలా అందమైనది. త్రిభుజం ఏబీసీలో బీసీకి సమాంతరంగా గీసిన రేఖ ఏబీని డీ వద్ద, ఏసీని ఈ వద్ద ఖండించిందనుకోండి. ఏడీఈ, బీడీఈ త్రిభుజాలకు ‘ఈ’ అనే బిందువు నుంచి గీసిన ఎత్తు ఒక్కటే కాబట్టి వాటి వైశాల్యాల నిష్పత్తి ఏడీ, డీబీల నిష్పత్తే అవుతుంది. అలాగే ఏడీఈ, సీడీఈ వైశాల్యాల నిష్పత్తి ఏఈ, ఈసీల నిష్పత్తి అవుతుంది. బీడీఈ, సీడీఈ త్రిభుజాలు ఒకే భూమి డీఈ మీద, రెండు సమాంతర రేఖల మధ్య ఉన్నాయి కాబట్టి వాటి వైశాల్యాలు సమానం. అంతటితో రెండు నిష్పత్తులూ ఒకటేనని తేలిపోయింది. పొడవుల సంగతి తేల్చడానికి వైశాల్యాన్ని సాక్షిగా పిలవడమే ఇందులోని తెలివి.

ప్రాచీన గ్రీకు తత్వవేత్త థేల్స్ ఈజిప్టు పిరమిడ్ ఎత్తును దాని నీడతో కొలిచాడని ప్రాచీన గ్రీకు రచయితలు చెప్పారు. మీరు మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు కొబ్బరిచెట్టుతో ఆ పని చేయండి. చదునైన నేల మీద ఒక మీటరు కర్రను నిలువుగా పాతి, కర్ర నీడనూ చెట్టు నీడనూ ఒకే సమయంలో కొలవండి. కర్ర నీడ 80 సెంటీమీటర్లు, చెట్టు నీడ 12 మీటర్లు అయితే చెట్టు ఎత్తు 15 మీటర్లు. సూర్యకిరణాలు సమాంతరంగా పడతాయి, కర్రా చెట్టూ నేలకు లంబంగా ఉంటాయి; కాబట్టి రెండేసి కోణాలు సమానం. ఆలస్యం చేస్తే నీడ మారి, లెక్క తప్పుతుంది.

2018 తిత్లీ తుపానులో మన కొబ్బరితోటలు ఎంత దెబ్బతిన్నాయో మీ ఇళ్లలో వినే ఉంటారు. చెట్టు ఒరిగి ఉంటే పై లెక్క దానికి పనికిరాదు, ఎందుకంటే మాను నేలకు లంబంగా లేదు. అప్పుడు మొదలు దగ్గర నుంచి కాక, మొవ్వుకు సరిగ్గా కింద ఉన్న నేల నుంచి మొవ్వు నీడ వరకు కొలవాలి. గాలి లేనప్పుడు కాయ రాలి పడే చోటు అదే. కాబట్టి కాయలు దింపించిన తరువాతే, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లండి. కొలతలూ, పటమూ, ఏ కోణాలు ఎందుకు సమానమో కారణాలూ రాసి నాకు పంపండి.

మీ తాతయ్య