గెలాక్సీ బొమ్మలో నలుపు పని: కొన్ని అపోహలు, వాస్తవాలు

పర్లాకిమిడిలో మా ఇంటి వరండాలో ఆదివారాలు పిల్లలకి పెయింటింగ్ నేర్పిస్తాను. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు. ఈమధ్య అందరిదీ ఒకటే కోరిక: "టీచర్, గెలాక్సీ వేద్దాం." ఫోన్లో చూసి నేర్చుకొచ్చే పద్ధతుల్లో కొన్ని బొమ్మని పాడుచేస్తాయి. వాళ్ల అమ్మానాన్నలూ అవే నమ్ముతున్నారు కాబట్టి ఇది రాస్తున్నాను.

అపోహ: అంతా నలుపు పూసి, దాని మీద నీలం, వంగపండు రంగు వేస్తే గెలాక్సీ వచ్చేస్తుంది.

చాలామంది విసుగొచ్చి మానేసేది ఇక్కడే. నలుపు మీద అల్ట్రామెరైన్ నీలం వేస్తారు. తడిగా ఉన్నంతసేపు బాగుంటుంది, ఆరేసరికి మాయం. "రంగు మంచిది కాదు టీచర్" అంటారు. రంగు తప్పేం లేదు. అల్ట్రామెరైన్, మెజెంటా లాంటివి పారదర్శకమైన రంగులు. వెలుతురు వాటిలోంచి కిందికి దిగి, అడుగు పొరని తాకి తిరిగొస్తేనే మన కంటికి రంగు తెలుస్తుంది. అడుగున నలుపుంటే వెలుతురు అక్కడే ఇంకిపోతుంది. పైగా అక్రిలిక్ రంగు ఆరాక ఇంకాస్త ముదురుతుంది.

నేను నలుపు రెండు పూతలు వేసి పూర్తిగా ఆరనిస్తాను. తర్వాత ఒక స్పాంజిని చేత్తో చింపుతాను. కత్తిరిస్తే దాని అంచు బొమ్మ మీద గీతలా పడుతుంది. చింపిన ముక్కకి తెల్ల రంగు అద్ది, పాత గుడ్డ మీద దాదాపు అంతా తుడిచేసి, మేఘం రావాల్సిన చోట మెల్లగా తడతాను. మధ్యలో చిక్కగా, అంచుల్లో ఉందా లేదా అన్నట్టుగా. అది ఆరాక దాని మీద నీళ్లు కలిపిన మెజెంటా, నీలం. తెలుపు మీద పడింది కాబట్టి ఇప్పుడు రంగు నిలబడుతుంది.

అపోహ: ఎన్ని రంగులు వాడితే అంత అందం.

మూడు చాలు. తడి మీద నారింజ, నీలం కలిస్తే వచ్చేది బురద రంగే. నారింజ కావాలంటే ముందు వేసిన రంగు ఆరనివ్వండి. మే నెలలో మా వరండాలో అయితే ఎంతోసేపు ఆగక్కర్లేదు.

అపోహ: ఫొటోల్లో ఉన్న రంగులన్నీ ఆకాశంలో అలాగే కనిపిస్తాయి.

కనిపించవు. అలాగని అవి అబద్ధాలూ కావు. హబుల్ అంతరిక్ష టెలిస్కోప్ 1995లో తీసిన ప్రసిద్ధ ధూళి స్తంభాల ఫొటోలో గంధకం, హైడ్రోజన్, ఆక్సిజన్ వెలుగుల్ని విడివిడిగా పట్టి, వరసగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఇచ్చారు. 2022 జులైలో మొదటి రంగుల చిత్రాలు వచ్చిన వెబ్ టెలిస్కోప్ ప్రధానంగా మన కంటికి అందని పరారుణ కాంతిని పడుతుంది. దానికీ అలాగే ఒక పద్ధతి ప్రకారం రంగులు ఇస్తారు. హైడ్రోజన్ సొంత వెలుగు మాత్రం నిజంగానే ఎరుపు, 656 నానోమీటర్ల దగ్గర. అందుకే నెబ్యులాకి, అంటే అంతరిక్షంలో వాయువు, ధూళి కలిసిన మేఘానికి, గులాబీ ఎరుపు వేస్తే ఎవరూ తప్పు పట్టలేరు.

మరి మన కంటికి ఏం కనిపిస్తుంది? దీపావళికి ముందు, ఆశ్వయుజ బహుళం చివరి రోజుల్లో, పొద్దుగూకాక మహేంద్రగిరి వైపు ఏదైనా చీకటి ఊళ్లో నైరుతికి తిరిగి చూడండి. కరెంటు పోతే ఇంకా మంచిది. మన గెలాక్సీ, పాలపుంత, బూడిద కలిసిన తెలుపులో ఉంటుంది. మసక వెలుతురులో మన కన్ను రంగుల్ని పట్టుకోలేదు. ఆ తెలుపు మధ్యలో పొడుగ్గా నల్లటి చీలిక కనిపిస్తుంది. అది ఖాళీ కాదు, వెనకున్న చుక్కల్ని కప్పేస్తున్న ధూళి మేఘం.

అది చూసొచ్చాక నా బొమ్మలు మారాయి. రంగులన్నీ వేశాక, స్పాంజితో మళ్లీ నలుపు తీసుకుని మేఘాల మధ్యకి వెళ్తాను. పిల్లలకి భయం, "పాడైపోతుంది టీచర్" అని. పాడవదు, అప్పుడే మేఘానికి లోతు వస్తుంది. ఈ ఒక్క పని చెయ్యకపోతే బొమ్మ రంగుల దుప్పటిలా ఉండిపోతుంది.

అపోహ: చుక్కలు అంతటా సమానంగా చల్లాలి.

టూత్‌బ్రష్‌తో చల్లండి, కానీ పాలపుంత మీద గుంపుగా, బయట అక్కడొకటి ఇక్కడొకటి. రంగు పల్చటి మజ్జిగలా ఉండాలి, ముందు పాత పేపరు మీద చల్లి చూడండి. పెద్ద చుక్కలు అయిదారుకి మించొద్దు. చుక్కలన్నీ తెలుపే కాదు: జ్యేష్ఠ, ఆరుద్ర ఎర్రగా ఉంటాయి, చిత్ర నీలి తెలుపు. ఆకుపచ్చ చుక్క మాత్రం కంటికి ఎక్కడా కనిపించదు. ఫొటోల్లో చుక్కల చుట్టూ ఉండే ముళ్లు టెలిస్కోప్ నిర్మాణం వల్ల వచ్చేవి. వెయ్యడం, మానడం మీ ఇష్టం.

అపోహ: ఖరీదైన బ్రష్‌లు, టెలిస్కోప్ ఉంటేనే కుదురుతుంది.

మా చుట్టుపక్కల కొండల మీద సవరలు మట్టి గోడల మీద వెదురు పుల్లతో, బియ్యప్పిండితో సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ వేస్తారు. ఒడిశాలోనే 1835లో పుట్టిన ఖగోళ శాస్త్రవేత్త పఠాణి సామంత వెదురుతో చేసుకున్న పరికరాలతో, ఉత్త కళ్లతో గ్రహాల్ని కొలిచారు. మా పిల్లలు పెద్ద చుక్కలు పెట్టేది అగరుబత్తి పుల్లతోనే.

అపోహ: స్ప్రే డబ్బాలైతే సులువు, పిల్లలతో ఇంట్లోనే వేయించొచ్చు.

దీనికి మాత్రం నేను ఒప్పుకోను. చాలా డబ్బాల్లో మంట అంటుకునే వాయువు ఉంటుంది. ఒకసారి వానకి తలుపులు మూసుకుని వాడి రెండు రోజులు తలనొప్పితో పడుకున్నాను. వంటగదికి, దేవుడి దీపానికి దగ్గర్లో అసలు వద్దు.

చివరిగా, వానాకాలం. గాలిలో తడి ఎక్కువున్న రోజు వార్నిష్ పూస్తే తెల్లగా మసకబారుతుంది, నలుపంతా బూజు పట్టినట్టు ఉంటుంది. ఎండ కాసిన రోజు దాకా ఆగండి. ఈలోగా బొమ్మల్ని ఒకదానిమీద ఒకటి పేర్చకండి, అక్రిలిక్ అతుక్కుపోతుంది. చోటు లేకపోతే మధ్యలో బటర్ పేపర్ పెట్టి నిలబెట్టండి.