కరెంటు ఫ్రీ అయినా ఇల్లు చల్లబడదు: పేదల ఇళ్లలో కరెంటు పొదుపుపై అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో ఉంటూ వరంగల్, కరీంనగర్, రామగుండం వైపు ఇళ్లకు ఎనర్జీ ఆడిట్ చేస్తుంటాను. పేరు పెద్దదే గానీ పని చిన్నది: కరెంటు ఎటు పోతోంది, వేడి ఎటు నుంచి వస్తోంది అని చూసి చెప్పడం. ప్రభుత్వం పేదలకు కట్టించిన డబుల్ బెడ్‌రూమ్ కాలనీల్లో, ప్రభుత్వ సాయంతో ఇప్పుడు లేస్తున్న ఇందిరమ్మ ఇళ్ల దగ్గర ఎక్కువగా వినపడే మాటలు ఇవి.

అపోహ: "కరెంటు ఫ్రీనే గదా సార్, ఫ్యాన్ మారిస్తే మాకేమొస్తది?"

ఈ మాట అనని కాలనీ లేదు. అనడంలో తప్పూ లేదు. తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల వరకు జీరో బిల్లే వస్తుంది. కానీ 200 దాటితే, దాటిన వాటికి మాత్రమే కడితే సరిపోదు. మొత్తం కట్టాలి. రేటు కూడా మారుతుంది. మొదటి 200 యూనిట్లకు 5.10 రూపాయల చొప్పున, ఆపైన 300 దాకా యూనిట్‌కు 7.70. అంటే 200 దగ్గర సున్నా, 201 దగ్గర వెయ్యి రూపాయలకు పైన. ఒక్క యూనిట్ తేడా!

మే నెలలో ఒక మామూలు ఇంటి లెక్క వేసి చూడండి. 75 వాట్ల పాత ఫ్యాను రోజుకు 16 గంటలు తిరిగితే నెలకు 36 యూనిట్లు. రెండు ఫ్యాన్లకు 72. 180 వాట్ల కూలర్ 12 గంటలు నడిస్తే 65. ఫ్రిజ్‌కు ఓ 40, టీవీ, లైట్లు, మిక్సీకి 20. మొత్తం 197. ఊరి నుంచి అక్కాచెల్లెళ్లు పిల్లలతో వేసవి సెలవులకు వచ్చి నాలుగు రోజులుంటే చాలు, 200 దాటిపోతుంది. అదే రెండు ఫ్యాన్లనూ తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం, 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లుగా మారిస్తే నెలకు 43 యూనిట్లు తగ్గుతాయి. ఇప్పుడు చుట్టాలు వచ్చినా టెన్షన్ లేదు.

ఒక జాగ్రత్త. బీఎల్‌డీసీ ఫ్యానుకు పాత రెగ్యులేటర్ పనికిరాదు. దాన్ని తీసేసి వైరు నేరుగా కలపమని ఎలక్ట్రీషియన్‌కు ముందే చెప్పండి. లేదంటే ఫ్యాను గునుస్తుంది, "కొత్తది కూడా ఖరాబే" అని తిరిగి అటక మీదికి పోతుంది.

బల్బుల సంగతి పెద్దగా చెప్పను. 2015లో ఉజాలా పథకం వచ్చాక 9 వాట్ల ఎల్ఈడీ బల్బు దాదాపు అందరి ఇళ్లకూ చేరింది. ఇక అక్కడ మిగిలే యూనిట్లు తక్కువ.

అపోహ: "స్లాబు మీద తెల్ల రంగు వేస్తే కూల్ రూఫ్ అయిపోతది"

నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇదే, ఎందుకంటే ఇందులో సగం నిజం ఉంది. ఎండాకాలం రాత్రి తొమ్మిదింటికి పై అంతస్తు గదిలో స్టూలెక్కి స్లాబుకు అరచేయి ఆనించి చూడండి. పొద్దంతా తాగిన ఎండను కాంక్రీటు అప్పుడు కిందికి వదులుతుంటుంది. బయట గాలి చల్లబడినా లోపల అర్ధరాత్రి దాకా ఉక్కపోతే. ఫ్యాను ఎంత జోరుగా తిప్పినా ఆ వేడి గాలినే మన మీదికి తోస్తుంది. అందుకే ఎండను స్లాబులోకి పోనీయకుండా పైనే తిప్పికొట్టాలి. కూల్ రూఫ్ అంటే అదే.

ఆ పని గోడలకు వేసే మామూలు తెల్ల ఎమల్షన్ సరిగా చెయ్యదు. ఒకటి రెండు వానలకే పొట్టు లేస్తుంది, దుమ్ము పట్టి బూడిద రంగుకు తిరుగుతుంది. ఒక కాలనీలో కాంట్రాక్టర్ అదే వేసి కూల్ రూఫ్ అని రాసుకున్నాడు. మళ్లీ వేసవి వచ్చేలోపే స్లాబు పాత రంగుకు వచ్చింది. కూల్ రూఫ్ పెయింట్ డబ్బా కొనేటప్పుడు దాని మీద ఎస్ఆర్ఐ అంకె ఉందా చూడండి. అది ఎంత ఎక్కువుంటే ఎండను అంత బాగా వెనక్కి కొడుతుంది. డబ్బులు లేకపోతే సున్నమైనా కొట్టండి. ఏటా కొట్టాలి, కానీ పని చేస్తుంది.

వేసే పద్ధతి కూడా ముఖ్యం. వైరు బ్రష్‌తో పాకుడు గీకి, కడిగి, పూర్తిగా ఆరాక రెండు పూతలు వెయ్యాలి. మాఘం, ఫాల్గుణం దీనికి మంచి కాలం. ఏటా ఉగాది ముందు ఒకసారి దుమ్ము కడిగితే చాలు. లోపల రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఏసీ చల్లదనం ఆశించకండి. పైగా ఈ లాభం పై అంతస్తుకే, కింది అంతస్తుల వాళ్లకు పెద్దగా తేడా తెలియదు. పెయింట్‌కు అందరి దగ్గరా చందా వసూలు చేసేటప్పుడు గొడవలొచ్చేది ఇక్కడే.

లీకేజీ ఆగుతుందని కూడా అనుకుంటారు. ఆగదు. పగుళ్లుంటే ముందు అవి పూడ్చాలి.

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది, 2028 వరకు అది అమలులో ఉంటుంది. ప్రభుత్వ భవనాలకు, ప్రభుత్వం పేదలకు కట్టించే ఇళ్లకు కూల్ రూఫ్ తప్పనిసరి. కాబట్టి కొత్త కాలనీలో తాళాలు ఇచ్చేటప్పుడు దీని గురించి అడగొచ్చు. అది మీ హక్కు.

ఇక చలికాలం. కూల్ రూఫ్ వేస్తే అప్పుడు ఇల్లు మరీ చల్లబడుతుందని కొందరి భయం. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు వాళ్లు "మా దగ్గర చలికి చస్తాం సార్" అంటారు. నిజమే, అక్కడ రాత్రి కొంచెం తేడా తెలుస్తుంది. కానీ హీటర్లు వాడే ఇళ్లు కావు, ఇంకో దుప్పటితో పోతుంది. మూడు నెలల ఎండను దుప్పటితో ఆపలేం కదా.

అపోహ: "కూలర్ పెడితే తలుపులు, కిటికీలు మూసెయ్యాలె"

మూసేస్తే అది కూలర్ కాదు, చెమ్మ మిషను. కూలర్ బయటి గాలిని లోపలికి తోస్తుంది. లోపలి గాలి పోవడానికి ఎదురుగా కిటికీ తెరిచి ఉండాలి. గది మధ్యలో పెట్టకండి, కిటికీకి ఆనించి పెట్టండి. వానలు పడ్డాక గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి అది ఎలాగూ పెద్దగా పని చెయ్యదు.

అపోహ: "సోలార్ ప్యానెళ్లు గవర్నమెంటోళ్లు ఫ్రీగా పెడతరు"

ఇంటి మీది సోలార్‌కు కేంద్రం పెట్టిన పీఎం సూర్యఘర్ పథకంలో వచ్చేది సబ్సిడీ. రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30,000, మూడో దానికి 18,000, అన్నీ కలిపి 78,000 రూపాయలు మించదు. అదీ ప్యానెళ్లు బిగించి, నెట్ మీటర్ (మనం వాడిన కరెంటును, బయటికి పంపిన కరెంటును లెక్కించే మీటరు) పెట్టాకే మీ ఖాతాలో పడుతుంది. సొంత కప్పు లేని అపార్ట్‌మెంట్ బ్లాకుల్లో ఒక్కరే పెట్టుకుంటామంటే మిగతావాళ్లు ఒప్పుకోరు. అక్కడ మోటారు, మెట్ల లైట్ల కోసం అందరూ కలిసి పెట్టుకోవడమే నయం.

అపోహ: "ఇవన్నీ పెద్ద బిల్డింగులకు, మా 400 అడుగుల ఇంటికి ఎందుకు?"

ఇందిరమ్మ ఇంటికి వచ్చే 5 లక్షల్లో పైసా ఎక్కువ పెట్టకుండా చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి, కానీ పునాది పోయకముందే అనుకోవాలి. పడమటి వైపు బాత్రూం, వంటిల్లు, మెట్లు వస్తే ఆ గోడలే పడకగదికి ఎండ తగలకుండా కాస్తాయి. దక్షిణం కిటికీకి సజ్జ బాగా పని చేస్తుంది. పడమటి కిటికీకి మాత్రం అంత చెయ్యదు, సాయంత్రం సూర్యుడు సజ్జ కింది నుంచే లోపలికి వస్తాడు. అక్కడ కిటికీ చిన్నది పెట్టించండి, లేదా ఎండాకాలం బయట తడక కట్టండి. మేస్త్రి "వాస్తుకు కుదరదు" అంటే, ముగ్గు పోసే రోజే కూర్చోబెట్టి మాట్లాడండి. స్లాబు పడ్డాక మాట్లాడి లాభం లేదు.