నల్లగా గీస్తే నీలంగా తేలే గీత

మొరాకోలోని ఫెజ్ నగరం పేరు చెప్పగానే తెల్లటి పళ్లెం మీద నీలం లతలు, నక్షత్రాలు గుర్తొస్తాయి. ఆ నీలాన్ని ఫెజ్ నీలం అనే పిలుస్తారు. కానీ బొమ్మ గీసే మనిషి ముందున్న గిన్నెలో నీలం కనిపించదు, మసి లాంటి కోబాల్ట్ ఆక్సైడ్ పొడి కలిపిన నీళ్లుంటాయి, అంతే. గాడిద వెంట్రుకలతో కట్టిన కుంచెను అందులో ముంచి, పళ్లేన్ని తిప్పుతూ గీత లాగుతాడు. కింద ఉన్నది ఇంకా కాలని పచ్చి పూత. కొత్తగా సున్నం వేసి ఎండిన గోడలా పొడిగా ఉంటుంది, కుంచె తాకగానే తడి పీల్చేస్తుంది, కాబట్టి చెరిపి దిద్దుకునే వీలు లేదు. గీత ఎలా వచ్చిందో తెలిసేది మట్టి పాత్రలు కాల్చే ఆవం చల్లారాకే.

మరి ఆ తెలుపు ఎక్కడిది? అంచు పెచ్చు ఊడిన పళ్లెం చూస్తే లోపల మామూలు మట్టే కనిపిస్తుంది. చైనావాళ్లకి కాలిస్తే తెల్లగా వచ్చే మట్టి ఉంది, పింగాణీ దాంతోనే చేశారు. తొమ్మిదో శతాబ్దంలో ఇరాక్ కుమ్మరులు ఆ పింగాణీ చూసి ముచ్చటపడ్డారు గానీ వాళ్ల దగ్గర అలాంటి మట్టి లేదు. అప్పుడు వాళ్లు పట్టుకున్న ఉపాయం నాకు ఎంతో ఇష్టం: మట్టిని తెల్లగా చేయలేకపోతే దాన్ని కప్పేద్దాం అనుకున్నారు. కరిగితే గాజయ్యే పూతలో కొంచెం తగరం ఆక్సైడ్ కలిపారు. అది గాజులో కరిగిపోకుండా సన్నటి రేణువులుగా ఉండిపోతుంది, ఆ రేణువులు మీద పడ్డ వెలుతురుని అన్ని వైపులకీ చెదరగొడతాయి. పాలు తెల్లగా కనిపించేదీ ఇలాగే, అక్కడ కొవ్వు బిందువులు, ప్రోటీన్ రేణువులు ఆ పని చేస్తాయి. ఈ విద్య పడమటికి నడిచి ఉత్తర ఆఫ్రికాకి, స్పెయిన్‌కి చేరింది.

ఇక నీలం సంగతి. ఆవంలో వేడి సుమారు 900 నుంచి 1000 డిగ్రీలు చేరేసరికి పూత కరిగి గాజవుతుంది, కోబాల్ట్ అందులో కరిగిపోతుంది. ఒక్కో కోబాల్ట్ అయాన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లు చేరతాయి. ఆ అమరికలో అది పసుపు, నారింజ వెలుగుల్ని గట్టిగా మింగేసి నీలాన్ని వదిలేస్తుంది. ఇంటర్‌లో కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చేసినవాళ్లకి ఇది ముందే పరిచయం: మంట రంగుని బట్టి లోహాన్ని గుర్తుపట్టే ఫ్లేమ్ టెస్ట్‌లో మంటని నీలం గాజులోంచి చూడమనేవారు కదా, సోడియం పసుపు అడ్డు రాకుండా. అది కోబాల్ట్ గాజే. ఫెజ్ పళ్లెం మీద గీత కూడా అలాంటిదే, పల్చటి పొరగా. కోబాల్ట్ నూటికి ఒక పాలు కూడా లేకపోయినా గాజు చిక్కటి నీలమైపోతుంది.

ఫెజ్ కుమ్మరుల ఆవాల్లో చాలాకాలంగా వాడే వంటచెరకు ఆలివ్ గింజలు. గానుగలో నూనె తీశాక మిగిలిన గింజలు, పిప్పి పారేయకుండా మంటకి వేస్తారు. వేడి బాగా ఇస్తాయి, నల్లటి పొగా బాగానే ఇస్తాయి. ఆ పొగ బాధకే కుమ్మరుల్ని పాత ఊరి నుంచి బయట ఉన్న ఐన్ నొక్బీ అనే చోటికి మార్చారు.

మొరాకోకి సొంత కోబాల్ట్ కూడా ఉంది. ప్రపంచంలో ఎక్కువ కోబాల్ట్ రాగి, నికెల్ గనుల్లో ఉప ఉత్పత్తిగా వస్తుంది. దక్షిణ మొరాకోలోని బూ అజ్జెర్ గనిలో మాత్రం కోబాల్ట్ కోసమే తవ్వుతారు. అక్కడి ఖనిజంలో ఆర్సెనిక్ కలిసి ఉంటుంది. వెనకటికి జర్మనీ గనుల్లో ఇలాంటి రాయిని కాలిస్తే వెండి రాకపోగా విషపు పొగ వచ్చేది, ఇది దయ్యం పనే అనుకుని కోబోల్డ్ అన్నారు. లోహానికి ఆ పేరే నిలిచిపోయింది.

ఒక్క విషయంలో మాత్రం నాకు నిజంగా టెన్షన్. తక్కువ వేడికే పూత కరగాలని పాత పద్ధతిలో సీసం కలుపుతారు. పులుపు తగిలితే ఆ సీసం తిండిలోకి దిగుతుంది, పిల్లల మెదడుకి చాలా చేటు. సీసం లేని పూతలూ ఇప్పుడున్నాయి, కానీ పళ్లెం చూసి ఏది ఏదో చెప్పలేం. మన వంటలో చింతపండు, నిమ్మకాయ లేని రోజు తక్కువ. అందుకే టూర్‌కి వెళ్లి ముచ్చటపడి కొనుక్కొచ్చిన పళ్లెంలో పులుసు పొయ్యకండి, ఊరగాయ అసలే పెట్టకండి. గోడకి తగిలించండి, గీత ఎక్కడ మొదలై ఎక్కడ కలిసిందో దగ్గరికెళ్లి చూడండి, కుంచె ఆగిన చోట నీలం ఒక చుక్కంత చిక్కగా ఉంటుంది.