రెండు నాణేలు, నాలుగు దారులు

పిల్లలూ,

"రెండు నాణేలు ఎగరేస్తే రెండూ బొమ్మలు, రెండూ బొరుసులు, లేదా ఒకటి అదీ ఒకటి ఇదీ. పడేవి మూడు రకాలేగా, మరి ఒక్కోదానికి మూడో వంతు అవకాశం ఎందుకు కాదు?" అని మీలో ఒకరు అడిగారు. డాలంబేర్ అంతటి ఫ్రెంచి గణితజ్ఞుడే 1754లో ఇలాంటి చిక్కులో పడ్డాడు. నాణేన్ని రెండుసార్లు ఎగరేస్తే ఒక్కసారైనా బొమ్మ పడే అవకాశం మూడింట రెండని విజ్ఞాన సర్వస్వంలో రాశాడు. అసలు లెక్క నాలుగింట మూడు.

అచ్చు గుద్దినట్టుండే కవలల్ని తలుచుకోండి. ఒకడు అన్నం తిన్నాడు, ఒకడు తినలేదు. చూసేవాళ్లకు అది ఒకటే సంగతి. వాళ్లమ్మను అడగండి: పెద్దాడు తిని చిన్నాడు తినకపోవడం వేరు, చిన్నాడు తిని పెద్దాడు తినకపోవడం వేరు. ఇద్దరూ తినడానికి ఒకటే దారి, ఇద్దరూ పస్తుండడానికీ ఒకటే. మొత్తం నాలుగు. మనం గుర్తుపట్టలేనంత మాత్రాన రెండు నాణేలు ఒకటైపోవు కదా! కాబట్టి కలగలుపుకు నాలుగింట రెండు, మిగతావాటికి నాలుగింట ఒకటి చొప్పున. (కవలలు ఒకరిని చూసి ఒకరు మారాం చేస్తారు, నాణేలకు ఆ బుద్ధి లేదు. పోలికను అక్కడ వదిలేయండి.)

ఇప్పుడు ఒక నాణేనికి రెండు వైపులా స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టండి. రెంటినీ కలిపి వందసార్లు ఎగరేయండి. ప్రతిసారీ చుక్క నాణేన్నే ముందు రాయాలి. వంద అని మొదలుపెట్టకముందే తీర్మానించుకోండి; నచ్చిన అంకె రాగానే ఆపేస్తే లెక్క చెడుతుంది. నాణెం మంచం కిందికి దొర్లితే, ఏం పడిందో చూడకముందే ఆ విసురు రద్దు చేయండి. చూశాక రద్దు చేస్తే మనసు తనకు కావలసినవే ఉంచుకుంటుంది.

కలగలుపు సరిగ్గా 50 రానక్కర్లేదు. 40, 60 మధ్య ఎక్కడున్నా దిగులు లేదు. 33కో అంతకంటే కిందికో దిగడం మాత్రం, ఈ వంద విసుళ్ల ఆట వెయ్యిసార్లు ఆడినా ఒకసారి జరిగితే గొప్ప.

ఆ కాగితం పారేయకండి. రెండూ బొరుసులైన వరుసలు కొట్టేసి, మిగిలినవాటిలో రెండూ బొమ్మలైనవి ఎన్నో లెక్కపెట్టండి: మూడో వంతుకు అటూఇటూ వస్తాయి. తర్వాత చుక్క నాణెం బొమ్మగా పడిన వరుసలే తీసుకుని మళ్లీ చూడండి: ఈసారి సగం దాకా వస్తాయి. ఎందుకు మారిందో నేను చెప్పను. రెండోసారి ఏ వరుసలు పక్కకు పోయాయో వేలు పెట్టి చూసుకోండి.