అప్రెంటిస్ పక్కన నిలబడేదెవరు?

ఫ్యాక్టరీల్లో పని నేర్చుకునే అప్రెంటిస్‌లకు నెలనెలా ఇచ్చే స్టైపెండ్ మీద గొడవ మళ్లీ రాజుకుంది. నెలకు 5,000 నుంచి 9,000 రూపాయల దాకా ఉన్న మొత్తాన్ని 6,800 నుంచి 12,300 దాకా పెంచాలని 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫార్సు చేసింది. పెంపు మాట ఎత్తినప్పుడల్లా అదనపు భారమని యాజమాన్యాలు అంటాయి. కార్మికుల పనంతా తమతో చేయించుకుని విద్యార్థులకిచ్చినట్టు ఇస్తున్నారని అప్రెంటిస్‌లు అంటారు. డబ్బు గురించిన ఈ వాదన న్యాయమైనదే. అయితే పని నేర్పడం ఎందుకు తగ్గిందన్నది దాని వల్ల తేలదు.

1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం పుట్టుక గురించి, ఐటీఐల విస్తరణ గురించి చాలాసార్లు చదివిందే కాబట్టి దాన్ని వదిలేద్దాం. అసలు మలుపు 2014 డిసెంబరు 22న అమల్లోకి వచ్చిన సవరణలో ఉంది. ఆ సవరణ గురించి రాసిన వాళ్లలో చాలామంది యజమానులకు జైలు శిక్ష ఎత్తేశారన్న దగ్గరే ఆగిపోయారు. అంతకంటే పెద్ద మార్పు 8వ సెక్షన్‌లో జరిగింది.

పాత సెక్షన్ ప్రకారం ఒక్కో ట్రేడులో, అంటే ఒక్కో చేతివృత్తిలో, ఎంతమంది పనివాళ్లకు ఎంతమంది అప్రెంటిస్‌లు ఉండాలో కేంద్రం నిష్పత్తి నిర్ణయించేది. నైపుణ్యం లేని పనివాళ్లను ఆ లెక్కలో వేయకూడదు. అంటే ఫిట్టర్ (లోహపు భాగాలను కొలతకు సరిచేసి అమర్చేవాడు) అప్రెంటిస్‌ల సంఖ్య అక్కడున్న పని తెలిసిన ఫిట్టర్లను బట్టి తేలేది. వెల్డర్లకూ టర్నర్లకూ అదే పద్ధతి. సవరణ ఈ లంకెను తెంపేసింది. ఇప్పుడు మొత్తం సిబ్బందిలో ఇంత శాతం అని లెక్క. కాంట్రాక్టరు ద్వారా వచ్చినవాళ్లు కూడా ‘వర్కర్’ నిర్వచనంలోకి వచ్చారు. మొదట 2.5 నుంచి 10 శాతంగా ఉన్న పరిమితిని 2019లో 15 శాతం దాకా పెంచారు.

ఉదాహరణకు 200 మంది ఉన్న ఫ్యాక్టరీ తీసుకోండి. అందులో 150 మంది లోడింగ్, క్లీనింగ్, ప్యాకింగ్ చేసే కాంట్రాక్టు మనుషులు. చేయి తిరిగిన ఫిట్టర్లు ఎనిమిది మంది. కొత్త లెక్కలో ఆ ఫ్యాక్టరీ 30 మంది అప్రెంటిస్‌లను పెట్టుకోవచ్చు. వాళ్లందరినీ ఫిట్టింగ్ షాపుకే పంపినా శాతం లెక్క అడ్డు చెప్పదు. ఎనిమిది మంది తమ ప్రొడక్షన్ టార్గెట్ చూసుకుంటూ 30 మందికి పని నేర్పాలి.

అది ఎందుకు కుదరదో బెంచ్ దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది. ఫిట్టర్ మొదట నేర్చుకునే పనుల్లో ఫైలింగ్, అంటే ఆకురాయితో (ఫైల్‌తో) లోహాన్ని అరగదీయడం, ఒకటి. మైల్డ్ స్టీల్ ముక్కను వైస్‌లో (బల్లకు అమర్చిన పట్టుడు పరికరంలో) బిగించి ఒక ముఖం చదును చేయాలి. వైస్ దవడలు మోచేతి ఎత్తులో ఉండాలి. కొత్తవాడు ఫైల్‌ను మొదలు నుంచి చివరి దాకా రెండు చేతులతో ఒకే బలంతో తోస్తాడు. నిజానికి స్ట్రోక్ మొదట్లో బరువు ముందు చేతి మీద ఎక్కువ ఉండాలి. నడిమికొచ్చేసరికి రెండు చేతుల మీదా సమానం కావాలి, చివర్లో పిడి పట్టిన చేతికి మారాలి. అలా మారకపోతే ఫైల్ ఊగుతుంది, అంచులు తరిగిపోయి నడుమ ఉబ్బు మిగులుతుంది. ట్రైస్క్వేర్ (మూలమట్టం) ఆనించి వెలుతురుకెదురుగా పట్టుకుంటే రెండు అంచుల దగ్గరా సందు కనిపిస్తుంది. ఫైల్ పళ్లలో రజను ఇరుక్కుంటే ముఖం మీద లోతుగా గీతలు పడతాయి. అప్పుడు వైర్ బ్రష్‌తో దులిపి, పళ్లకు సుద్ద పట్టించాలి.

సందు కనిపించేసరికే ముక్క పాడైపోయి ఉంటుంది. ప్లస్ ఆర్ మైనస్ 0.04 మిల్లీమీటర్లలో ఒకదానిలో ఒకటి జారే ఫిట్టింగ్ చేయాల్సి వచ్చినప్పుడు, ఎక్కువ తీసేసిన లోహాన్ని తిరిగి అతికించలేం. తప్పును ముక్కలో కాకుండా కుర్రాడి మోచేతి కదలికలో పట్టుకోవాలి. పక్క వైస్ దగ్గర పనిచేసే సీనియర్ ఫైల్ చప్పుడు మారగానే తలెత్తి చూస్తాడు. అతను పక్కన లేకపోతే వర్క్‌షాప్ గోడకు ఎన్ని చార్టులు అంటించినా ఆ దిద్దుబాటు జరగదు. పాత నిష్పత్తి కాపాడింది ఈ పక్క మనిషినే.

యాజమాన్యాల వాదన కూడా చెప్పాలి. పాత చట్టం కింద సీట్లు నిండేవి కావు, ట్రేడువారీ లెక్కలు తలనొప్పి, జైలు భయంతో చిన్న సంస్థలు దూరంగా ఉండేవి అన్నారు. అది నిజమే. జైలు శిక్ష తీసేసి, తక్కువైన ఒక్కో సీటుకు మొదటి మూడు నెలలు నెలకు 500, ఆ తర్వాత నెలకు 1,000 రూపాయల జరిమానా పెట్టడం తప్పేమీ కాదు. కానీ అదే సవరణ ‘ఆప్షనల్ ట్రేడ్’ తెచ్చి, ఏం నేర్పాలో తేల్చుకునే వీలు యజమానికే ఇచ్చింది. పని గంటల నిర్ణయమూ అతని చేతికే వెళ్లింది. భయం తీసేయడానికి ఇవి అవసరం లేదు.

స్టైపెండ్ దెబ్బ తర్వాత తగిలింది. 2019కి ముందు అది సెమీ స్కిల్డ్ (కొంత నైపుణ్యం ఉన్న) కార్మికుల కనీస వేతనంలో మొదటి ఏడాది 70, రెండో ఏడాది 80, మూడో ఏడాది 90 శాతంగా ఉండేది. కనీస వేతనం పెరిగితే తనంతట తానే పెరిగేది. 2019 సెప్టెంబరులో ఆ లంకె తీసేసి చదువును బట్టి స్థిరమైన మొత్తాలు పెట్టారు. ధరలు పెరుగుతున్నా ఆ అంకెలు ఏళ్ల తరబడి కదల్లేదు. అందుకే ఇప్పుడు పెంపు ఒక్కసారిగా 36 శాతం అనిపిస్తోంది.

ఉద్యోగాల సంగతి ఇంకా పాతది. 18వ సెక్షన్ ప్రకారం అప్రెంటిస్ శిక్షణ పొందే వ్యక్తే గాని వర్కర్ కాదు. మిగతా అర్హతలు సమానమైతే బయటివాళ్ల కంటే శిక్షణ పొందినవారికే ప్రాధాన్యమివ్వాలని 1995లో ఉత్తరప్రదేశ్ ఆర్టీసీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది ఉద్యోగానికి హామీ కాదు. 2018 మార్చి 20న ముంబైలో మాటుంగా, దాదర్ మధ్య రైల్వే అప్రెంటిస్‌లు పట్టాల మీద కూర్చున్నది రైల్వే ఉద్యోగాల్లో తమకిచ్చిన 20 శాతం కోటా సరిపోదనే.

ఇప్పుడు శిక్షణలో ఉన్నవాళ్లకు చట్టంలో ఇంకా కొన్ని ఆధారాలున్నాయి. యజమానికి స్వయంగా అర్హత లేకపోతే శిక్షణ బాధ్యత అర్హత ఉన్న మనిషికి అప్పగించాలని 11వ సెక్షన్ చెబుతోంది. ఆ మనిషి పేరేమిటని రాతపూర్వకంగా అడగొచ్చు. ఈ చట్టం అమలు చూసే ప్రభుత్వ అధికారి అయిన అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదు. శిక్షణ ఎంతవరకు వచ్చిందో యజమాని రికార్డు రాయాలి. రోజూ ఒకే మెషీన్ మీద ఒకే పని చేయిస్తుంటే ఆ రికార్డుకూ ఒప్పందంలోని సిలబస్‌కూ పొంతన కుదరదు. ఫిర్యాదుకు అదే గట్టి సాక్ష్యం. 20వ సెక్షన్ కింద వివాదం ముందు అడ్వైజర్ దగ్గరికి వెళ్తుంది. ఆయన తీర్పు నచ్చకపోతే అది అందిన 30 రోజుల్లోగా అప్రెంటిస్‌షిప్ మండలికి అప్పీలు చేసుకోవాలి.