వాద్యం నుంచి వేదికకు: సంగీతకారుల నటన గురించి అపోహలు - వాస్తవాలు

పదిహేనేళ్లు వయొలిన్ వాయించిన తరువాత నాటకాలలోకి, అక్కడి నుంచి టీవీ ధారావాహికలలోకి వచ్చాను. ఈ దారిలో రావాలనుకునే సంగీతకారులు నన్ను అడిగే ప్రశ్నలు చాలావరకు కొన్ని అపోహల నుంచే పుడుతున్నాయి కనుక వాటిని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: లయజ్ఞానం ఉన్నవారికి డైలాగ్ చెప్పడం తేలిక.

వాస్తవం: తేలిక అనిపిస్తుంది, చిక్కంతా అక్కడే ఉంది. లయ ఒంటబట్టినవాడు మాటకూ మాటకూ నడుమ విరామాన్ని తనకు తెలియకుండానే తాళపు మాత్రలతో కొలుస్తాడు. నా మొదటి నాటకంలో తండ్రి మరణవార్త విన్న కొడుకుగా, ప్రతి రిహార్సల్‌లోనూ సరిగ్గా నాలుగు మాత్రలు ఆగి ‘ఎప్పుడు?’ అని అడిగేవాణ్ణి. ఒకరోజు వార్త చెప్పవలసిన నటి గొంతు పూడుకుపోయి వాక్యం మధ్యలోనే ఆగిపోయారు. నేను మాత్రం ఆమె ముఖమైనా చూడకుండా, నా లెక్క పూర్తి కాగానే నా మాట అందుకున్నాను. “ఆమె ఇంకా చెప్పనేలేదు, నువ్వు దేనికి జవాబిస్తున్నావు?” అని దర్శకుడు అడిగినప్పుడు తల వంచుకున్నాను. పక్కవాద్యం వాయించేటప్పుడు గాయకుడు ఎక్కడ ఆగితే అక్కడ ఆగడం, ఎటు వెళితే అటు వెళ్లడం నాకు వచ్చిన విద్యే. నటనలోకి వెంట తెచ్చుకోవలసింది ఆ వినికిడి, నేను తెచ్చుకున్నది తాళం.

అపోహ: గాయకులకు వేరే గొంతు సాధన అక్కర్లేదు.

వాస్తవం: ఊపిరి మీద పట్టు తప్పకుండా పనికివస్తుంది. అయితే పాట అచ్చుల మీద సాగుతుంది, మాట స్పష్టత ఎక్కువగా హల్లుల మీద ఆధారపడుతుంది. అందుకే మంచి గాయకులు కూడా మైకు లేని నాటకశాలలో వాక్యం చివరి మాటలను మింగేస్తుంటారు.

అపోహ: సంగీతంలో వచ్చిన పేరే నాటకాన్ని నిలబెడుతుంది.

వాస్తవం: పేరు టికెట్లు అమ్ముతుంది, అంతవరకే. 1980లో బ్రిటిష్ రాక్ గాయకుడు డేవిడ్ బోవీ న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే రంగస్థలం మీద ‘ది ఎలిఫెంట్ మ్యాన్’ నాటకంలో వికృతరూపం గల జాన్ మెరిక్ పాత్ర వేశారు. ఆ రూపాన్ని చూపడానికి ప్రత్యేకమైన మేకప్ ఏదీ లేదు. వంకర తిరిగిన శరీరంతో, మారిన గొంతుతో మాత్రమే చూపించారు. 1960లలో మూకాభినయ కళాకారుడు లిండ్సే కెంప్ దగ్గర బోవీ ఆ విద్య నేర్చుకున్నారన్న సంగతి, పేరు చూసి టికెట్లు కొన్న అభిమానులలో ఎందరికి గుర్తుండి ఉంటుంది?

అపోహ: తెరమీద వాద్యకారుడి పాత్ర సంగీతకారుడికి మంచినీళ్ల ప్రాయం.

వాస్తవం: నాకు అన్నిటికంటే కష్టమైన రోజు అలాంటి పాత్రలోనే గడిచింది. సంగీతం ముందే రికార్డయి ఉంటుంది. షాట్ మధ్యలో సంభాషణ ఉంటే అది శుభ్రంగా రికార్డు కావాలి కాబట్టి, రోజిన్ (తీగను పట్టి పలికించేందుకు కమానుకు రాసే గుగ్గిలం లాంటి పదార్థం) రాయని కమాను చేతికిస్తారు. అది తీగల మీద జారిపోతుందే తప్ప పలకదు. చేతికి తగిలే ఒరిపిడీ లేక, చెవికి వినబడే స్వరమూ లేక, గుర్తున్న కదలికను మాత్రమే పట్టుకుని వాయించాలి. సెకనుకు 25 ఫ్రేములు తీసేచోట ఒక్కో ఫ్రేము నిడివి 40 మిల్లీసెకన్లు; నాలుగైదు ఫ్రేములు వెనకబడితే కమాను అబద్ధం చెబుతున్నట్టు చూసేవారికి తెలిసిపోతుంది. పైగా అదే ఘట్టాన్ని దూరం నుంచి ఒకసారి, దగ్గర నుంచి మరొకసారి తీస్తారు కనుక, మొదటి టేక్‌లో ఏ మాట దగ్గర కమాను పైకి లేచిందో ప్రతిసారీ ఆ మాట దగ్గరే లేవాలి. పాటలో ఒకే సంగతిని వందసార్లు సాధన చేసిన ఓర్పు నిజంగా అక్కరకు వచ్చేది ఇక్కడే.

అపోహ: నటుడు కావాలంటే సంగీతం వదిలేయాలి.

వాస్తవం: గిటారిస్టు స్టీవెన్ వాన్ జాంట్ 1999 నుంచి 2007 వరకు సాగిన ‘ది సోప్రానోస్’ అనే అమెరికన్ టీవీ ధారావాహికలో సిల్వియో అనే పాత్రలో నటిస్తూనే, బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ రాక్ బృందమైన ‘ఇ స్ట్రీట్ బ్యాండ్’ (E Street Band)తో పర్యటనలూ చేశారు. ఆ స్థాయి నాది కాకపోయినా, షూటింగ్ ఉన్న రోజులలో కూడా ఉదయం గంటసేపు సాధన మానను. దానివల్ల ఎడమ దవడ కింద వయొలిన్ ఒరిసి ఏర్పడిన నల్లటి మచ్చ ఎప్పటికీ పోదు. ప్రస్తుతం నేను వేస్తున్నది బడిపంతులు పాత్ర కనుక, మేకప్ చేసేవారు రోజూ ముందుగా ఆ మచ్చను కప్పిన తరువాతే మిగతా ముఖానికి రంగు వేస్తారు.