మూడు కొటేషన్లు ఉంటే చాలా? ప్రభుత్వ కొనుగోళ్లపై అపోహలు - వాస్తవాలు

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు ఆఫీసులకు సరుకు వేసే మన తెలుగు దుకాణదారులూ, ఆ ఆఫీసుల్లో కొనుగోలు ఫైళ్లు నడిపే గుమాస్తాలూ తరచుగా ఒకే చోట ఇరుక్కుంటారు. పాత టెండరు ఫారం జిరాక్సు తీసి, తేదీ మార్చి వాడేస్తారు. ఈలోపు రూలు మారిపోయి ఉంటుంది. ఆడిట్ వచ్చాక గానీ ఆ సంగతి బయటపడదు.

అపోహ: కొనుగోలు రూలు అన్ని ఆఫీసులకూ ఒకటే.

కాదు. నవోదయ విద్యాలయం, తపాలా శాఖ, కోరాపుట్‌లోని కేంద్రీయ విశ్వవిద్యాలయం లాంటివి కేంద్రం సొమ్ముతో నడుస్తాయి. అక్కడ 2017 నాటి సాధారణ ఆర్థిక నియమాలు, అంటే జీఎఫ్ఆర్ చూడాలి. బ్లాకు ఆఫీసులు, రాష్ట్ర పనుల శాఖ లాంటివి ఒడిశా ఆర్థిక నియమాలు, ఓపీడబ్ల్యూడీ కోడ్ (ఒడిశా పనుల శాఖ నియమావళి), రాష్ట్ర ఆర్థిక శాఖ ఉత్తర్వుల ప్రకారం నడుస్తాయి. సునాబెడా హెచ్‌ఏఎల్ లాంటి ప్రభుత్వ రంగ సంస్థలకు సొంత మాన్యువల్ ఉంటుంది. ఒక ఆఫీసు పరిమితిని పట్టుకెళ్లి ఇంకో ఆఫీసులో వాదిస్తే నిలవదు. చివరి అంశం తప్ప కింద రాసినదంతా కేంద్ర ఆఫీసుల సంగతి.

అపోహ: మూడు కొటేషన్లు ఫైల్లో పెడితే కొనుగోలు సక్రమమే.

ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ నమ్మకమే. వస్తువు జెమ్ పోర్టల్‌లో (ప్రభుత్వ ఆఫీసుల కొనుగోళ్ల ఆన్‌లైన్ బజారు) దొరికితే అక్కడే కొనాలని జీఎఫ్ఆర్ 149వ నియమం చెబుతోంది. దాని పరిమితులు మూడు దశల్లో మారాయి. 2017లో 50 వేల వరకు నేరుగా, 30 లక్షల వరకు ధరలు పోల్చి కొనే వీలుండేది. 2019లో అవి 25 వేలు, 5 లక్షలు అయ్యాయి. ఇప్పుడు 50 వేలు, 10 లక్షలు. ఆ పైన బిడ్ తప్పనిసరి. 50 వేలు దాటితే చేసే పోలిక కనీసం ముగ్గురు వేర్వేరు తయారీదారుల వస్తువుల మధ్య జరగాలి. ఒకే కంపెనీ ఫ్యాను అమ్మే మూడు దుకాణాలను చూపిస్తే అది పోలిక కాదు.

జెమ్‌లో దొరకకపోతే, దొరకలేదని పోర్టల్ నుంచే నివేదిక తీసి ఫైల్లో పెట్టాలి. ఆ కాగితం లేకుండా బయట కొంటే ఎన్ని కొటేషన్లున్నా అభ్యంతరం వస్తుంది. తర్వాత, 155వ నియమం తన విలువ పరిమితిలోపు సరుకుకు అడిగేది ముగ్గురు సభ్యుల స్థానిక కొనుగోలు కమిటీని. వాళ్లు బజారు తిరిగి ధర, నాణ్యత, దుకాణం విశ్వసనీయత చూసి ఉమ్మడిగా సర్టిఫికెట్ రాయాలి. ఒకే చేతిరాతతో వచ్చిన మూడు కొటేషన్లు ఆ పనికి బదులు కావు. ఎవరెవరి దగ్గర ఏ ధర విన్నారో తేదీతో అరపేజీ రాసుకుంటే ఆ ఫైలుకు బలం ఉంటుంది.

అపోహ: పెద్ద కొనుగోలును చిన్న బిల్లులుగా కోస్తే సులువు.

ఒక బల్ల 3 వేలు, మొత్తం 60 బల్లలు. విలువ 1,80,000. దీన్ని 45 వేల చొప్పున నాలుగు బిల్లులు చేస్తే 157వ నియమం ఉల్లంఘనే. పట్టుకోవడమూ కష్టం కాదు. ఒకే వస్తువు, ఒకే దుకాణం, వరుస బిల్లు నంబర్లు, వారంలోపు తేదీలు చాలు. ఏడాది ఇండెంటును (కావలసిన సరుకు జాబితా) ముందే కూడి చూసుకుంటే ఈ అవసరమే రాదు.

అపోహ: ఒక్క బిడ్డే వస్తే టెండరు రద్దు చేయాలి.

అక్కర్లేదు. ప్రకటన సరిగా ఇచ్చి, తగినంత గడువు పెట్టి, అర్హతలు మరీ బిగించకుండా ఉండి, ధర సమంజసమైతే ఒక్క బిడ్డుతోనూ ముందుకెళ్లవచ్చని 173వ నియమమే చెబుతోంది. 2021 అక్టోబరు 29 నాటి కేంద్ర ఆర్థిక శాఖ సూచనలూ అదే మాట అన్నాయి. అయితే ధర ఎందుకు సమంజసమో ఫైల్లో రాయాలి. భయంతో రద్దు చేసి మళ్లీ పిలిస్తే నెలలు పోతాయి, ధరలు పెరుగుతాయి.

అపోహ: ఉద్యం (చిన్న సంస్థల నమోదు) సర్టిఫికెట్ ఉంటే ఈఎండీ (బిడ్డుతో పాటు కట్టే ధరావతు) కట్టక్కర్లేదు.

మన దుకాణదారులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఆ మినహాయింపు సూక్ష్మ, చిన్న తరహా తయారీదారులకు, సేవలందించేవారికి. వ్యాపారులను 2021 జులై 2 ఉత్తర్వుతో ఉద్యంలోకి మళ్లీ తీసుకున్నది బ్యాంకుల ప్రాధాన్య రుణాల కోసమే. మీ సర్టిఫికెట్‌లో మీ పని రకాన్ని చూపే ఎన్‌ఐసీ కోడ్ 45, 46, 47తో మొదలైతే మీరు వ్యాపారి కింద లెక్క. ఈఎండీ కట్టకుండా సర్టిఫికెట్ ఒక్కటే అప్‌లోడ్ చేస్తే సాంకేతిక దశలోనే బిడ్డు పోతుంది. ఈఎండీ సాధారణంగా అంచనా విలువలో 2 నుంచి 5 శాతం. ఓడిన బిడ్డరుకు, కాంట్రాక్టు ఇచ్చిన 30 రోజుల్లోపు ఆఫీసు దాన్ని తిరిగివ్వాలి. అడగడానికి మొహమాటపడకండి.

అపోహ: లోకల్ సప్లయర్ అంటే మన జిల్లావాడు.

ప్రభుత్వ కొనుగోళ్లలో దేశీయ సరుకుకు ప్రాధాన్యమిచ్చే మేక్ ఇన్ ఇండియా ఉత్తర్వులో లోకల్ అంటే దేశం. వస్తువు విలువలో 50 శాతం, అంతకు మించి దేశంలో తయారైతే మొదటి తరగతి సప్లయర్, 20 శాతం పైన అయితే రెండో తరగతి. పార్వతీపురం దుకాణమైనా, రాయగడ దుకాణమైనా దీనిలో తేడా లేదు.

అపోహ: ఆంధ్రా నుంచి సరుకు వేస్తే జీఎస్టీ టీడీఎస్ (బిల్లులోంచి ఆఫీసు ముందే కోసే పన్ను) పట్టరు.

కోస్తారు, కేంద్ర ఆఫీసైనా రాష్ట్ర ఆఫీసైనా. కాంట్రాక్టు విలువ పన్ను కాకుండా 2.5 లక్షలు దాటితే 2 శాతం. ఒడిశా దుకాణానికి సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ చెరొక 1 శాతం. పలాస, టెక్కలి నుంచి వచ్చే సరుకుకు ఐజీఎస్టీ 2 శాతం. గుమాస్తా అలవాటుగా దీన్ని 1+1గా కోస్తే తర్వాత సవరణల తలనొప్పి ఇద్దరికీ. బిల్లు డబ్బు పడ్డాక, ఆఫీసు తన టీడీఎస్ రిటర్న్ వేయగానే సరఫరాదారు జీఎస్టీ పోర్టల్‌లోకి వెళ్లి, టీడీఎస్ క్రెడిట్ పేజీలో ఆ ఎంట్రీని అంగీకరించి ఫైల్ చేయాలి. అప్పుడే ఆ సొమ్ము క్యాష్ లెడ్జరులోకి (జీఎస్టీ పోర్టల్‌లో మీ నగదు ఖాతా) వస్తుంది.